చిట్టా, ఆవర్జా, అప్పగింత

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై నాకు ముందు మాటలాడినవారు పండితులు, ఉపాధ్యాయులు. నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. నా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణముగా నుండిరి. 1984వ సంవత్సరమున నాటి ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేసినపుడు నాకు పదునాలుగేండ్లు. నా చదువు కళాశాల గడప దాటలేదు. తరువాత సహకార సంఘపు లెక్కల బల్లకడ కూర్చుంటిని. నేటికిని అక్కడనే యున్నాను. భారత భాగవతములు నాకు గురుముఖమున వచ్చినవి కావు. ఈ గ్రంథాలయము పుట్టిన నాటినుండి దీని బీరువాలలోని సంపుటములను ఒక్కొక్కటిగా ఇంటికి గొనిపోయి, ప్రక్కను శబ్దరత్నాకరమును పెట్టుకొని, తప్పులతోడనే నేర్చుకొంటిని. కావున ఈ రజతోత్సవము నాకు పాఠశాల వార్షికోత్సవము వంటిది.

చదువరి తన సొంత వ్రాతలను, అనగా చదివినపుడు తోచినవి, విన్నవి, పోల్చి చూచినవి, ఎట్లు దాచుకొనవలెనో చెప్పుమని కార్యవర్గమువారు ఆజ్ఞాపించిరి. నేడు కంప్యూటరునందును ఫోనునందును ఇట్టి వ్రాతలను ఒకదానితో నొకటి ముడివేసి దాచుకొను సాధనములు పెక్కు వచ్చినవి. వానిలో ఓపెన్ సోర్సువై, మన యింటి యంత్రముననే నడపుకొనదగిన వానిని ఎట్లు ఎంచుకొనవలె ననునది నేటి విషయము. ఇందు నేను నిపుణుడను గాను. ఒకసారి నష్టపోయినవాడను. నష్టపోయినవాని మాటకు లెక్కలలో కొంత విలువ కలదని తలచి ధైర్యము చేయుచున్నాను.

మా వృత్తిలో చిట్టా, ఆవర్జా యని రెండు పుస్తకములు కలవు. దినదినము జరిగిన వ్యవహారమును జరిగిన వరుసనే వ్రాయునది చిట్టా. ఆ వ్యవహారమునే మనిషివారీగా, పద్దువారీగా విడదీసి ఎక్కించునది ఆవర్జా. చిట్టాలోని పద్దు ప్రక్కను అది ఆవర్జాలో ఏ పుటకు ఎక్కెనో ఆ సంఖ్య వేయుదుము. ఆవర్జాలోని పద్దు ప్రక్కను అది చిట్టాలో ఏ పుటనుండి వచ్చెనో ఆ సంఖ్య వేయుదుము. ఈ రెండింటిలో ఏ యొక్కటి లేకున్నను తనిఖీదారు కలము అక్కడనే నిలిచిపోవును.

ముడివడిన వ్రాత లనగా ఇంతకన్న వేఱు గాదు. నేడు చదివినదానిని నేటి తేదీ క్రింద వ్రాసికొందుము, అది చిట్టా. ఒక వ్యక్తి పేరున, ఒక పదము పేరున, ఒక ఊరి పేరున వేర్వేఱు పుటలు తెఱతుము, అది ఆవర్జా. ఒక పుటనుండి మఱియొక పుటకు ముడి వేసినయెడల, ఆ రెండవ పుట అడుగున దానిని పేర్కొన్న పుటలన్నియు వరుసగా కనబడును. మేము చేతితో వేయు రెండవ సంఖ్యను అక్కడ యంత్రము తనంతట వేయును. దీనిని ఎదురుముడి యందము.

జర్మనీ దేశమున నిక్లాస్ లూమన్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఈ పనిని కాగితపు చీటీలతోనే చేసెను. ప్రతి చీటీకి ఒక సంఖ్య. ఒక చీటీనుండి మఱియొక దానికి ఆ సంఖ్యతో సూచన. జీవితకాలమున ఇంచుమించు 90,000 చీటీలు వ్రాసి పెట్టెలలో నుంచెను. ఆయన 1998లో గతించెను. ఆ చీటీలు ఆయన బోధించిన బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయమునకు చేరినవి; పండితులు వానిని విప్పి చదివి ప్రకటించుచున్నారు. వ్రాసినవాడు లేకున్నను వ్రాత దారి చూపుచున్నది. ఈ మాటను మనసున నుంచుకొనుడు.

ముడివలన లాభమేమో నా యనుభవమునుండి ఒక్క ఉదాహరణము చెప్పెదను. నన్నయగారి ఆదిపర్వమును చదువుచు, ఉదంకుడు పైలుని శిష్యుడనియు, గురుపత్ని కోరిక తీర్చుటకై పౌష్యుని దేవి కుండలములు తేబోయి తక్షకునివలన కష్టపడెననియు, ఆ కోపముతో జనమేజయుని సర్పయాగమునకు పురికొల్పెననియు ఒక చీటీ వ్రాసికొంటిని. కొన్ని యేండ్ల తరువాత సంస్కృత భారతమును తాత్పర్యముతో చదువుచు, ఆదిపర్వమున ఆ శిష్యుని గురువు వేదుడని వ్రాసికొంటిని. ఇంకను కొంతకాలమునకు ఆశ్వమేధికపర్వమున ఆయన గౌతముని శిష్యుడనియు, అక్కడను కుండలములు తెచ్చు కథయే యున్నదనియు వ్రాసికొంటిని. మూడు చీటీలు మూడు డబ్బాలలో నుండెను. ఒకనాడు రెండు చీటీలు చేతికి రాగా, ఒకదానిలో పైలుడు, మఱియొక దానిలో వేదుడు! నేనే పొరబడితినని తలచి ఒకదానిని కొట్టివేయబోతిని. మూడవది దొరికిన తరువాతగాని తెలియలేదు, తప్పు నాది గాదు, గ్రంథములే వేర్వేఱుగా చెప్పుచున్నవని. అందులకు ఆధారము మూడు చీటీలును ఒక్కచోట కలియుటయే. వెదకుట చేత ఇవి కలియవు. ఏలయనగా సంస్కృత ప్రతులలో ఆ పేరు ఉత్తంకుడని కూడ నుండును. ముడి వేసినవానికే ఇవి కలియును.

ఇక నా నష్టము. పదునైదేండ్ల క్రిందట మా మేనల్లుడు పట్టణమునుండి వచ్చి, "మామయ్యా, ఈ డబ్బాలన్నీ ఎందుకు? ఫోనులోనే వ్రాసుకోవచ్చు, డబ్బు కూడా అక్కరలేదు" అని ఒక సంస్థవారి సాధనమును పెట్టియిచ్చెను. ఆ సంస్థ పేరు చెప్పను. చెప్పినను నేడు ప్రయోజనము లేదు. నాలుగేండ్లు అందులో వ్రాసితిని. చాల సుఖముగా నుండెను. ఆ నాలుగేండ్లలోనే నా తండ్రిగారు మంచమెక్కిరి. సాయంకాలములయందు ఆయన ప్రక్కను కూర్చుండి, పాత దస్త్రములలోని మాటలను అడిగి తెలిసికొనుచుంటిని. ఏ చేనికి ఆ పేరు ఎందులకు వచ్చెనో, ఏ చెఱువు గట్టు ఎప్పుడు తెగెనో, ఇనాములకు సంబంధించిన ఏ మాటను ఈ ప్రాంతమున ఏ అర్థమున వాడిరో, ఆయన చెప్పుచుండగా ఫోనులో వ్రాసితిని. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పుట. పుటకు పుటకు ముడి.

ఆయన గతించిన మఱుసటి యేడు ఆ సంస్థవారు తమ సాధనమును మూసివేయుచున్నామని ఉత్తరము పంపిరట. అది నేను చూడని ఈమెయిలుకు వచ్చెను. గడువునకు మూడు దినముల ముందు మా మేనల్లుడు చూచి, వచ్చినంత వఱకు దింపి యిచ్చెను. అందు సగము వ్రాతలు మఱియే ప్రోగ్రామునకును లొంగని రూపమున నుండెను. తక్కిన సగమున మాటలు మిగిలెనుగాని ముడులన్నియు తెగిపోయెను. తేదీలును పోయెను. మూలము చెడిన చిట్టా, పుటసంఖ్యలు చెఱిగిన ఆవర్జా! వ్రాసినది నేనే, నష్టపఱిహార మడుగుటకు హక్కు లేదు, చెప్పినవారిని మరల అడుగుటకు వీలు లేదు. ఆ సంస్థవారు చేసినది మోసము కాదు. వారి నిబంధనలలో నట్లే యుండెనట. నేను చదువకయే ఒప్పుకొంటిని. నలువది యేండ్ల లెక్కల కుటుంబమువాడను, పత్రము చదువక సంతకము చేసితిని.

అప్పుడు నాకు 1984 నాటి ఒక దినము జ్ఞప్తికి వచ్చెను. నా తండ్రిగారు దస్త్రమును అప్పగించిన దినమది. వారికి ఎంతో దుఃఖముగా నుండెను. అయినను అడంగళ్లు, పటములు, రిజిస్టర్లు వరుసగా పేర్చి, రెండు ప్రతులుగా జాబితా వ్రాసి, ఒక్కొక్క దానిపై చేయి పెట్టి చూపుచు అప్పగించిరి. పుచ్చుకొనవచ్చిన యువకుడు మా యూరిని అంతకు ముందెన్నడును చూచినవాడు గాదు. అయినను ఒక గంటలో ఏ చేను ఎవరిదో చెప్పగలిగెను. ఏల? వ్రాత తెలుగున నుండెను. గళ్లు అందఱెఱిగిన గళ్లు. కరణము పోయినను కరణీకము చదువబడెను.

ఇంకను వెనుకకు పోవుదము. కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) దక్షిణదేశమున స్థానిక చరిత్రలను సేకరించినపుడు, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు మున్నగువారు ఊరూర తిరిగి, కరణముల యింట నుండిన కవిలెలనుండి కైఫీయతులు వ్రాయించిరి. ఆ కవిలెలు చాలవఱకు నశించినవి. కైఫీయతుల కాగితములును శిథిలమగుచుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) వానికి నకళ్లు వ్రాయించెను. నేడు ఎన్నో గ్రామముల పూర్వ చరిత్రకు ఆ నకళ్లే దిక్కు. తాటియాకు పోయినను మాట నిలిచినది, ఒక రూపమునుండి మఱియొక రూపమునకు ఎత్తివ్రాయుటకు ఎవరి అనుమతియు అక్కఱలేకపోవుటచేత.

కాబట్టి సాధనమును ఎంచుకొనువాడు అడుగవలసిన మొదటి ప్రశ్న, "ఇందు ప్రవేశించుట ఎంత సులభము?" అని కాదు. "ఇందుండి వెలికి వచ్చుట ఎట్లు? నేను లేనినాడు మఱియొకడు దీనిని పుచ్చుకొనగలడా?" అని. దీనిని నేను అప్పగింత పరీక్ష యనుకొందును. దీనిలో మూడు అంశములు కలవు: వ్రాత యొక్క రూపము, సాధనముపై హక్కు, వ్రాత యొక్క నివాసము.

మొదటిది రూపము. ఏ ప్రోగ్రామైనను తెఱువగల సాదా అక్షరముల ఫైలు అన్నింటికన్న దీర్ఘాయువు గలది. తెలుగువారము ఇందు దెబ్బతినియే నేర్చితిమి. యూనికోడ్ మొదటి రూపము 1991లో వచ్చినపుడే అందు తెలుగు చేరినది. కాని మన ముద్రణాలయములలో చాలకాలము వేర్వేఱు ఫాంట్ల సొంత సంకేతములే వాడిరి. ఆ ఫాంటు లేని యంత్రమున ఆ ఫైలును తెఱచిన పిచ్చి గీతలు కనబడును. కావున యూనికోడ్ తెలుగున, సాదా ఫైలులో వ్రాయుట మొదటి నియమము. శీర్షికలను, ఒత్తి చెప్పు మాటలను, ముడులను గుర్తించుటకు మార్క్‌డౌన్ అను పద్ధతి కలదు. దీనిని 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించెను. శీర్షికకు ముందొక గుర్తు, ముడికి రెండేసి చదరపు కుండలీకరణములు. చూచుటకు వ్రాతవలెనే యుండును. కుండలీకరణములతో ముడి వేయుట గ్రూబర్ పెట్టినది గాదు, తరువాతి సాధనములలో వాడుకకు వచ్చినది. సాధనము చచ్చినను ఆ కుండలీకరణములు ఫైలులో నుండును. చదువరి కంటితో ముడిని గుర్తించును.

రెండవది హక్కు. ప్రోగ్రాము ఎట్లు పని చేయునో మానవుడు చదువదగిన భాషలో వ్రాసిన మూలపాఠమును సోర్సు కోడందురు. రిచర్డ్ స్టాల్మన్ అను నాతడు 1983లో గ్నూ అను ప్రయత్నమును ప్రకటించి, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను నెలకొల్పి, ఆ మూలపాఠముపై వాడుకరికి హక్కు లుండవలెనని వాదించెను. ఏ పనికైనను నడపుకొనుట, లోపల చూచి తెలిసికొనుట, ఇతరులకు పంచుట, మార్చి ఆ మార్పును పంచుట. ఇవి ఆ హక్కులు. ఓపెన్ సోర్స్ అను పేరు 1998లో వాడుకకు వచ్చెను. ఉచితముగా దొరకుట వేఱు, ఈ హక్కు లుండుట వేఱు. నన్ను ముంచిన సాధనమును ఉచితముగనే దొరకినది.

హక్కు వలన నేమి లాభమని అడుగుదురేని, ట్రిలియం అను సాధనపు కథ వినుడు. ముడివడిన వ్రాతలకు అది మంచి సాధనము. సొంత సర్వరుపై నడపుకొనవచ్చును. 2024 జనవరిలో దాని కర్త, ఇకమీదట క్రొత్త పనులు చేయక ఉన్నదానిని కాపాడుట వఱకే చేసెదనని ప్రకటించెను. మూసిన సాధనమైనచో కథ అక్కడితో ముగియును. మూలపాఠము బహిరంగమగుటచే వాడుకరులే కొందఱు కలిసి, ట్రిలియం నెక్స్ట్ అను పేర పనిని కొనసాగించిరి. కరణము మాఱినను దస్త్రము నడచినది. ఒక్క లోపము మాత్రము చెప్పవలెను. అందు వ్రాతలన్నియు ఒక డేటాబేసు ఫైలులో నుండును. హక్కు పరీక్షలో నెగ్గినను, రూప పరీక్షలో కొంత తగ్గును. ఎప్పటికప్పుడు సాదా ఫైళ్లుగా దింపుకొనుచుండవలెను.

దీనికి విపర్యాసముగా అబ్సిడియన్ అను సాధనము చాల ప్రసిద్ధము. అది వ్రాతలను మన యంత్రముననే సాదా మార్క్‌డౌన్ ఫైళ్లుగా నుంచును. దాని సోర్సు కోడు మాత్రము బహిరంగము గాదు. రూపమున నెగ్గి హక్కులో తగ్గినది. దానిని వాడువారిని నేను తప్పు పట్టను. వ్రాత చేతిలో నున్నది గావున వెలికి రాగలరు. అయినను రెండు పరీక్షలలోను నెగ్గునవి దొరకుచుండగా వానిని ముందుగా చూడుట మేలు.

జాప్లిన్ అనునది ఓపెన్ సోర్సుది. ఫోనునను కంప్యూటరునను నడచును. ఒక యంత్రమునుండి మఱియొక దానికి వ్రాతలను పంపునపుడు, చేరవలసినవాడు తప్ప మఱెవ్వరును చదువలేనట్లు రహస్యలిపిలో పెట్టగలదు. నెక్స్ట్‌క్లౌడ్ వంటి సొంత సర్వరు ద్వారా నడపవచ్చును. జాప్లిన్ వారి సొంత సర్వరు భాగమునకు మాత్రము లైసెన్సు వేఱు. సొంత వాడుకకే అనుమతి. ఒకే పేరు క్రింద రెండు షరతు లుండుట గమనింపుడు. పత్రమును చివఱి వఱకు చదువవలె ననుటకు ఇదియే సాక్ష్యము. అందు ముడులు పుట పేరుతో గాక ఒక పొడుగాటి గుర్తింపు సంఖ్యతో నుండును. వెలుపల చదువునపుడు కంటికి అర్థము గావు.

లాగ్‌సెక్ అనునది చిట్టా పద్ధతికి మిక్కిలి దగ్గఱ. తెఱువగానే నేటి తేదీ పుట కనబడును. ఎదురుముడులు చక్కగా చూపును. కాని వ్రాత నంతటిని చుక్కల వరుసలుగా విడదీయును. పేరాలుగా వ్రాయు అలవాటు గల నాకు అది పొసగలేదు. దాని కర్తలు సాదా ఫైళ్లనుండి డేటాబేసు రూపమునకు పోవు పనిని కూడ చేపట్టిరి. టిడ్లీవికీ అనునది 2004లో జెరెమీ రస్టన్ చేసినది. సాధనము, వ్రాతలు, ముడులు, అన్నియు ఒకే ఫైలు. బ్రౌజరున్న ఏ యంత్రముననైనను తెఱచుకొనును. పెన్‌డ్రైవులో పెట్టి మిత్రునకు ఇయ్యవచ్చును. దాచుకొనునపుడు మాత్రము క్రొత్త ప్రతి ఎక్కడ పడుచున్నదో చూచుకొనవలెను.

ఇక మూడవది నివాసము. మన యింటి యంత్రముననే యుంచుకొనుట గౌరవమే. కాని మన యింట నుంచుకొనుట యనగా కావలియు మనదే. కరెంటు పోవుట మనది, డిస్కు చెడుట మనది, తాళపుచెవి మఱచుట మనది. పెద్ద సంస్థల భవనములు మన యింటికన్న గట్టివి. ఇందు దాచవలసినది లేదు. కావున సొంత సర్వరు నడపుట అందఱికిని అవసరమని నేననను. తన వ్రాతలను తన ఫోనుకును తన కంప్యూటరునకును మధ్య సరిపోల్చుకొనుటకు సర్వరే అక్కఱలేదు. సింక్‌థింగ్ అను ఓపెన్ సోర్సు సాధనము రెండు యంత్రములను నేరుగా కలుపును. నడుమ ఎవరి గోదామునను వ్రాత నిలువ యుండదు. ఒక సంగతి మఱువరాదు: సరిపోల్చుట వేఱు, నకలు దాచుట వేఱు. ఒక యంత్రమున పొరబాటున చెఱిపివేసిన, రెండవ యంత్రమునను చెఱిగిపోవును. ఒకే ఫైలును రెండు యంత్రములలో ఒకేసారి దిద్దిన, రెండు ప్రతులుగా విడిపోవును. అప్పుడు కూర్చుండి కలుపుకొనవలెను. కావున వేఱొక డిస్కున నకలు తప్పదు.

గ్రంథాలయము వంటి చోట పదిమంది ఒకే వ్రాతను చూడవలెనన్నచో అప్పుడు చిన్న సర్వరు పెట్టవచ్చును. రాస్ప్‌బెర్రీ పై యని 2012లో మొదట వచ్చిన అరచేతి యంత్రము ఇందులకు చాలును. కాని దానిని ఊరి బయటి లోకమునకు తెఱచిపెట్టవలదు. అంతర్జాలమునకు తెఱచిన తలుపును దొంగలు దినమును తట్టుచుందురు. భవనములోని వారికి మాత్రమే కనబడునట్లుంచి, ప్రోగ్రాములను ఎప్పటికప్పుడు నవీకరించు మనిషిని ఒకరిని నియమించిన తరువాతనే ఆ పనికి పూనుకొనవలెను. కావలివాడు లేని గాదె కట్టుటకన్న కట్టకుండుట మేలు.

తెలుగు వ్రాయువారికి ప్రత్యేకముగా ఒక జాగ్రత్త చెప్పవలెను. మన భాషలో పేరు విభక్తినిబట్టి రూపము మార్చును. 'ఉదంకుడు' అని వెదకిన 'ఉదంకుని' దొరకదు. ర, ఱ భేదమొకటి. అక్షరములను విడదీయుటకై కీబోర్డు చొప్పించు కంటికి కనబడని గుర్తు మఱియొకటి. రెండు మాటలు చూచుటకు ఒక్కటిగనే యుండి యంత్రమునకు వేఱగును. కావున పుటల పేర్లన్నియు ప్రథమావిభక్తిలోనే పెట్టి, ఒక్క మాటకు ఒక్క వర్ణక్రమమే యని నియమించుకొని, తక్కిన రూపములను ఆ పుట మొదటి పంక్తిలో వ్రాసియుంచుడు. ఆవర్జాకు పేర్ల పట్టిక వ్రాసినవానికి ఇది క్రొత్త పని గాదు.

నా యేర్పాటు మీకు ఆదర్శమని గాదు, లెక్క చెప్పుట ధర్మమని చెప్పుచున్నాను. వ్రాతలన్నియు మార్క్‌డౌన్ ఫైళ్లు. బల్లకడ జెట్లర్ అను ఓపెన్ సోర్సు సాధనముతో వ్రాయుదును. ఫోనున మార్కర్ అను దానితో. రెండింటి నడుమ సింక్‌థింగ్. ప్రతి మాసము మొదటి ఆదివారము వేఱు డిస్కునకు నకలు. ఏటికి రెండుసార్లు ఇంకొక నకలు మా మేనల్లుని యింటికి. ఇందు ఏ సాధనము మూతపడినను నాకు పోవునది అలవాటే గాని వ్రాత గాదు. ఇది తెలిసికొనుటకు ఒక పరీక్ష చేసితిని. ఈ ప్రోగ్రాములేవియు లేని పరాయి కంప్యూటరున ఆ డిస్కును పెట్టి, సాదా ఎడిటరుతో తెఱచితిని. ఉదంకుని పుట తెఱచుకొన్నది. పైలుడు, వేదుడు, గౌతముడు ముగ్గురును కుండలీకరణములలో నుండిరి.

"ఇంత శ్రమ ఏల? నోటుపుస్తకము చాలదా?" అని కొందఱు పెద్దలు అడుగుదురు. చాలును. ఒక్క పుస్తకము వ్రాయువానికి నోటుపుస్తకమే మేలు, కరెంటు అక్కఱలేదు. నా తండ్రిగారి మాటలలో నేడు మిగిలినవి, మొదటి యేడు అలవాటుచొప్పున సంఘపు చిత్తు కాగితముల వెనుక పెన్సిలుతో గీకికొన్నవే. వానిని మరల ఎక్కించితిని. ఆ తరువాతి మూడేండ్లలో ఆయన చెప్పినది చాలవఱకు పోయినది. చెఱువు గట్టు తెగిన యేడు మాత్రము మిగిలినది; ఆ చేనికి ఆ పేరెందులకు వచ్చెనో పోయినది. ప్రతిదినమును ఆ చేని ప్రక్కనుండియే సంఘమునకు పోవుదును.

కార్యవర్గమువారికి నా మనవి మూడు మాటలు. ఈ గ్రామమున డెబ్బదియేండ్లు దాటినవా రెందఱో యున్నారు. వారి యొద్ద చేల పేర్లు, బావుల చరిత్రలు, పాటలు, వృత్తుల మాటలు కలవు. మన యువకులు వానిని వ్రాసి తేవలెను. మొదటి మాట: ఆ వ్రాతలు యూనికోడ్ తెలుగున, సాదా ఫైళ్లుగా నుండవలెను, చెప్పినవారి అనుమతియు, తేదీయు, వ్రాసినవారి పేరును ప్రతి పుటపై నుండవలెను. రెండవ మాట: ఏ సాధనమునైనను వాడుడు, కాని అది ఓపెన్ సోర్సుదై యుండవలెను, వాని పట్టికను, తాళములను ఒక్కరి యొద్ద గాక ఇద్దఱి యొద్ద నుంచవలెను. మూడవ మాట: ఏటేట ఈ వార్షికోత్సవ దినమున, ఆ యేటి నకలును ఇంతకు ముందు చూడని యొక యువకుని చేతికిచ్చి, క్రొత్త కంప్యూటరున తెఱచి చదువుమనవలెను. చదువగలిగెనా, అప్పగింత సరి. చదువలేకపోయెనా, తప్పు ఆ యేడే దిద్దుకొనవలెను. నకలు దాచితిమను నమ్మకమును, నకలు తెఱచుకొన్నదను నిశ్చయమును ఒక్కటి గావు.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమును స్థాపించినవారిలో కొందఱు నేడు మన మధ్య లేరు. వారు వ్రాసిన ప్రవేశ రిజిస్టరు మాత్రము అక్కడ బల్లపై నున్నది. అందులో మొదటి పుస్తకము సంఖ్య మొదలుకొని నేటి వఱకు ఒక్క పంక్తియు చదువరానిది లేదు. మన వ్రాతలకును ఆ భాగ్యము కలుగునట్లు చూచుకొందము.